పెద్ద స్క్రీన్ మీద మూడు వాక్యాలు: చదివింది అర్థమైందో లేదో తెలుసుకోవడం ఎలా?

నమస్కారం అండీ. నేను మూడో తరగతి టీచర్‌ని. మా గదిలో ఐఎఫ్‌పీ, అదే ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్ ఉంది. మీ దగ్గర ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ మాత్రమే ఉన్నా ఇవాళ చూపించేది చేసుకోవచ్చు. పిల్లలు వేలితో గీసే బదులు గోడ మీద చూపిస్తారు, అంతే తేడా.

ముందు మనలో మన మాట. ప్యానెల్ వచ్చిన కొత్తలో నేను చేసిందల్లా కథ వీడియో పెట్టి పక్కన నిలబడటమే. "అర్థమైందా?" అంటే "అర్థమైంది టీచర్!" అని గది దద్దరిల్లేది. బొమ్మలు కదులుతూ కథ చెబుతుంటే అర్థం కాక ఏం చేస్తుంది! అదే కథ కాగితం మీద ఇస్తే గడగడా చదివేసేవాళ్లు. ఒక్క ప్రశ్న అడిగితే మాత్రం బిక్కమొహాలే.

2021లో మొదలైన నిపుణ్ భారత్, అదే చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం, దాని లక్ష్యం మీకు తెలిసిందే. మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు, అర్థం చేసుకుంటూ చదవాలి. 60 పదాలు లెక్కపెట్టడానికి ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంది. అర్థం సంగతే మనం వదిలేస్తున్నాం.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. వైట్‌బోర్డ్ యాప్‌లో మూడు వాక్యాలు పెట్టాను.

"మల్లి గొడుగు వేసుకుని బడికి బయలుదేరింది. దారిలో చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. బడికి వచ్చేసరికి పావడా అంచు తడిసి ఉంది."

అక్షరాలు చివరి బెంచీకి కూడా కనబడేంత పెద్దగా ఉండాలి, ముఖ్యంగా వత్తులు. కొన్ని ప్యానెళ్లలో తెలుగు టైప్ చేస్తే వత్తు విడిపోయి పక్కకొచ్చి కూర్చుంటుంది. అలా అయితే ఫోన్లో టైప్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మలా పెట్టేయండి.

రెండో వాక్యం మీద, మూడో వాక్యం మీద నల్ల డబ్బాలు గీసి మూసేశాను. నన్నడిగితే ఈ ప్యానెల్‌లో అన్నిటికన్నా పనికొచ్చేది ఈ మూతే. మొదటి వాక్యం పిల్లలే చదువుతారు. చదవడం ఇంకా రాని పిల్లలుంటే ముందు నేను చదువుతాను, వాళ్లు వెనకే అంటారు. తర్వాత అడుగుతాను: గొడుగు ఎందుకు? "వాన" అంటారు. ఒకరిద్దరు "ఎండ" అంటారు. రెండూ పక్కన రాస్తాను. తప్పో ఒప్పో చెప్పను. ఇక్కడ నోరు కట్టేసుకోవడం మనకి చాలా కష్టం, తెలుసు!

ఒక్కో డబ్బా జరుపుతూ మిగతావీ చదివిస్తాను. చివర్లో ఒకటే ప్రశ్న: "దారిలో ఏమైంది? ఏ మాట చూసి చెప్పావో వచ్చి గీత గీయి."

మా తరగతిలో జరిగింది చెబుతాను. అందరూ వాన అన్నారు. ఒకబ్బాయి వచ్చి "గొడుగు" కింద, "తడిసి" కింద ఎర్ర గీత గీశాడు. నేను రాసుకున్న జవాబూ వానే. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే పిల్ల లేచి, "కాదు టీచర్, వాగు దాటింది" అంది. వచ్చి "అంచు" కింద నీలం గీత గీసింది. "వానైతే జడ, భుజం కూడా తడుస్తాయి కదా. అంచే తడిసింది. చెప్పులు కూడా విప్పింది." మరి గొడుగో? "ఎండ!"

వాన అనే మాట గానీ వాగు అనే మాట గానీ ఆ మూడు వాక్యాల్లో ఎక్కడా లేదు. రెండు జవాబులకీ ఆధారం మాత్రం ఉంది. ఎవరిది గట్టి ఆధారం అని తరగతంతా పది నిమిషాలు వాదించుకుంది. చదవడమే రాదనుకున్న ఒకడు "అంచు" అన్న మాట వెతుక్కుని మరీ చదివాడు.

ఇంకో చిన్న సంగతి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో స్కాన్ చేసి వీడియో చూపిస్తాం కదా, అది పాఠం చదివాకే చూపించండి. ముందే చూపిస్తే పిల్లలు పేజీ చదవరు, వీడియో గుర్తుచేసుకుంటారు.

కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్ ఉంది. తెలుగు కథలు స్థాయిల వారీగా, ఉచితంగా దొరుకుతాయి. డౌన్‌లోడ్ ఇంట్లోనే చేసుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, బడిలో నెట్ కోసం పీరియడ్ పోగొట్టుకోవద్దు. కరెంటు పోతే? అవే మూడు వాక్యాలు చార్టు మీద రాసి ఉంచుకోండి, మూతకి పాత క్యాలెండర్ అట్ట చాలు.

అయిపోయాక ఆ గీతలు చెరపకండి, సేవ్ చేయండి. మర్నాడు అదే పేజీ తెరిచి కింద నాలుగో వాక్యం కలపండి: "ఆకాశంలో ఒక్క మబ్బు కూడా లేదు." ఆ ఎర్ర గీత గీసినవాడే ఎరేజర్ కోసం పరిగెత్తుకొస్తాడు.