జమీందారు పేరు, పంచాయతీ భవనం: చర్చా కార్యక్రమం పాఠం

సంచాలకుడు: పంచాయతీ భవనానికి పాత జమీందారు పేరు పెట్టాలన్న ప్రతిపాదనపై వివాదం రేగింది. అందరికీ సమానంగా సమయం ఇస్తాను. లాయరుగారూ, బడులూ ఆసుపత్రులూ కట్టించింది వారే కదా?

న్యాయవాది: ఆ సొమ్ము ఎవరిదో ముందు తేల్చుదాం. 1802 పర్మనెంట్ సెటిల్‌మెంటుతో జమీందారు సర్కారుకు కట్టే పేష్కష్ శాశ్వతంగా ఖాయమైంది. రైతు కట్టే శిస్తుకు అటువంటి హద్దు లేకపోవడంతో, సాగు విస్తరించినా ధరలు పెరిగినా మిగులు దివాణానికే, అంటే జమీందారు ఖజానాకే చేరింది.

చరిత్ర అధ్యాపకురాలు: పూర్తిగా అలా అనలేం. పేష్కష్ కట్టలేక తొలి దశాబ్దాల్లోనే ఎన్నో ఎస్టేట్లు వేలానికి...

న్యాయవాది: వేలంలో కొన్నవాడూ జమీందారే అయ్యాడు కదమ్మా! రైతుకు ఒరిగిందేమిటి?

సంచాలకుడు: మళ్లీ బడుల దగ్గరకు వద్దాం. విజయనగరంలో జమీందార్లైన రాజులు 1857లో పెట్టిన బడి 1879లో కళాశాల అయింది.

అధ్యాపకురాలు: నిజమే, కానీ అది దాతృత్వం. 1884 లోకల్ బోర్డుల చట్టం, అంటే స్థానిక పాలనా సంస్థల చట్టం, తెచ్చింది వేరు, ఎందుకంటే రోడ్లకూ బళ్లకూ భూమి మీద వేసిన సెస్సుతో నడిచే సంస్థ...

న్యాయవాది: ఆ సెస్సు సంగతే చెప్పండి! జమీందారు చెల్లించి, అందులో సగం రైతుల దగ్గర రాబట్టుకునే వీలు చట్టమే ఇచ్చింది. డబ్బు రైతుదీ, బోర్డులో పెత్తనం దొరదీ. జమీందారైన బొబ్బిలి రాజావారు మద్రాసు ప్రభుత్వానికి ప్రధానమంత్రిగా, అంటే నేటి ముఖ్యమంత్రి వంటి పదవిలో, ఉన్న కాలంలోనే తాలూకా బోర్డులు రద్దయ్యాయి.

మాజీ సర్పంచ్: చెరువుల మాట కూడా రావాలి. గట్టు తెగితే బాగుచేయించమని జమీందారీ రైతుల హక్కులు చెప్పే 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద రైతులు కలెక్టరుకు అర్జీ పెట్టుకోవలసి వచ్చేది. ఇప్పటికీ మా చెరువు...

సంచాలకుడు: చెరువులకు తరువాత వద్దాం. దాత పేరు పెడితే తప్పేమిటి?

న్యాయవాది: తప్పే! 1937 ఎన్నికల్లో బొబ్బిలిలోనే రాజావారిని వి.వి. గిరి ఓడించారు. జనం అప్పుడే తీర్పు ఇచ్చారు.

అధ్యాపకురాలు: అది శాసనసభ ఎన్నిక, మనం మాట్లాడుతున్నది స్థానిక సంస్థల గురించి.

న్యాయవాది: రెండూ ఒకే పెత్తనం మీద తీర్పులే. శిస్తులను 1802కు ముందున్న స్థాయికి దించమని, జమీందారీ రైతుల స్థితిని విచారించిన టంగుటూరి ప్రకాశం కమిటీ ఊరికే చెప్పిందా? 1948లో ఎస్టేట్లనే రద్దు చేయాల్సి వచ్చింది. మళ్లీ చెబుతున్నాను, మిగులు దివాణానిదే!

అధ్యాపకురాలు: రద్దుతో పాటు పరిహారమూ ఇచ్చారు. ఆ లెక్క కూడా చూడాలి...

సంచాలకుడు: లాయరుగారి వాదన బలంగానే ఉందండీ. అయినా బడులు...

మాజీ సర్పంచ్: మా చెరువు సంగతి?

సంచాలకుడు: విరామం తరువాత.