సోడా మీద నిమ్మకాయ పిండకండి

నమస్కారం. తమిళ నెల పెరటాసిలో వేంకటేశ్వరస్వామిని కొలిచే శనివారాలు దగ్గరపడుతున్నాయంటే తిరుపతిలో ఇత్తడి దీపాలు, రాగి చెంబులు తోమడానికి వాకిళ్ళలోకి వస్తాయి. మా వీధిలో ఈసారి చింతపండు ముద్ద పక్కన వంటసోడా పొట్లం కూడా చేరింది. సోడా మీద నిమ్మకాయ పిండి, బుస్సుమని పొంగే నురుగును చూపించి, మురికి మొత్తం ఊడివస్తున్నదని చెప్పే వీడియోలు ఎన్నో చూశాను. చూసిన ప్రతిసారీ నాకు నిమ్మకాయ మీద, సోడా మీద, ఆ రెండింటినీ డబ్బు పెట్టి కొన్నవారి మీద జాలి కలుగుతుంది.

(తెర మీద: గాజు గ్లాసులో సోడా, దాని మీద పడుతున్న నిమ్మరసం)

అలిపిరి మెట్ల మీద ఇద్దరు మనుషులను ఊహించుకోండి. ఒకరు కొండ ఎక్కాలి, ఇంకొకరు దిగాలి. ఆ ఇద్దరి నడుములకూ ఒకే తాడు కట్టి ఎవరి దారిన వారిని వెళ్ళమంటే, రొప్పడం, చెమటలు కారడం చాలానే ఉంటుంది గానీ, ఏ ఒక్కరూ నాలుగు మెట్లు కదలరు. నిమ్మరసం ఆమ్లం, సోడా క్షారం. మనం ముచ్చటపడే నురుగు ఆ రొప్పే. అందులో ఉన్నది గోలీసోడాలో ఉండే కార్బన్ డయాక్సైడే. రొప్పు ఆగిన తరువాత గిన్నెలో మిగిలేది కాస్త లవణం కలిసిన నీళ్ళు. నిమ్మకాయ బదులు వెనిగర్ పోసినా జరిగేది ఇదే: 5 శాతం వెనిగర్ సుమారు 70 మిల్లీలీటర్లు పోస్తే ఒక టీస్పూను సోడా, అంటే దాదాపు 5 గ్రాములు, పూర్తిగా ఖర్చయిపోతుంది.

కాబట్టి తాడు విప్పి, ఎవరి పని వారికి అప్పగించాలి. రాగి, ఇత్తడి సామాన్ల మీది నల్లదనం లోహం గాలితో కలిసి కట్టిన పొర. దానిని కరిగించేది ఆమ్లం. మన అవ్వలు చింతపండుతో తోమినది అందుకే, అందులో సోడా కలపడమంటే చింతపండు కాళ్ళకు అడ్డం పడడమే. బోరు నీళ్ళ వల్ల కుళాయిల మీద పేరుకునే తెల్లటి పొర కూడా ఆమ్లానికే లొంగుతుంది. దాని మీద సోడా ఎంత రుద్దినా భుజాలు నొప్పి పుట్టడం తప్ప ఫలితం కనిపించదు.

సోడా దిగవలసిన మెట్లు వేరే ఉన్నాయి. పాలు మాడి అడుగంటిన స్టీలు గిన్నెలో మాడు మునిగేంత నీళ్ళు పోసి, రెండు చెంచాల సోడా వేసి, పది నిమిషాలు మరిగించి చల్లారనివ్వండి. మరిగేటప్పుడు వంటసోడాలో కొంత భాగం విడిపోయి బట్టల సోడాగా మారుతుంది. క్షార గుణం పెరిగి మాడు పట్టు సడలుతుంది. టీ కప్పుల మరకలకు మరిగించే పని కూడా లేదు, తడి గుడ్డ మీద చిటికెడు సోడా చల్లి రుద్దితే చాలు. సోడా పలుకు మెత్తనిది. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో అది 2.5 దగ్గర ఉంటుంది, గాజు 5.5 దగ్గర ఉంటుంది. అందుకే మరక పోతుంది, గీత పడదు. గిన్నెలు, సింకులు తోమడానికి ఇరవై రకాల సీసాలు కొనేవారికి ఈ ఒక్క సంగతి చెప్పాలని నాకు ఎప్పటినుండో కోరిక.

అల్యూమినియం ఇడ్లీ పాత్రకు మాత్రం సోడాను దూరంగా ఉంచండి. క్షారం తగిలితే అది నల్లబడుతుంది. అప్పటికే నల్లబడి ఉంటే మళ్ళీ చింతపండునే పిలవాలి.

ఎక్కేవారు, దిగేవారు ఇద్దరూ కావలసిన పాత్ర ఉంటే, ఒకరు వెళ్ళిన తరువాతే ఇంకొకరిని పంపండి: ముందు సోడాతో జిడ్డు తీసి, నీళ్ళతో బాగా కడిగి, ఆ తరువాతే నిమ్మచెక్కతో రుద్దండి.

సమయం మించిపోతున్నది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. అంగడిలో అడిగేటప్పుడు వంటసోడా అని స్పష్టంగా అడగండి; బట్టల సోడా ఘాటు ఎక్కువ, చేతుల చర్మాన్ని మండిస్తుంది. ఫ్రిజ్‌లో వాసన వస్తుంటే వెడల్పాటి మూతలో సోడా పోసి లోపల పెట్టండి. ఆ సోడాను వంటకు వాడకుండా, తరువాత గిన్నెలు తోమడానికి ఉంచుకోండి. సోడా, వెనిగర్ కలిపి సీసాలో పోసి మూత బిగించవద్దు. తాడుతో కట్టిన ఇద్దరినీ చిన్న గదిలో పెట్టి తాళం వేసినట్లే, ఆ రొప్పుకు సీసా పగిలిపోవచ్చు. సింకు గొట్టం మూసుకుపోతే నురుగును నమ్ముకోకుండా, కింద బకెట్టు పెట్టి, వంపు గొట్టం మరను విప్పి, లోపల చిక్కుకున్న మెతుకులను చేత్తోనే తీసివేయండి.