శ్రావణమాసం చీరల ఫోటోలు: బాణం నా చేత్తో, మిగతా చాకిరీ అంతా ఫోటోషాప్‌దే | టార్నీట్ వ్లాగ్

హాయ్ అండీ అందరికీ, మెల్‌బోర్న్ టార్నీట్ నుంచి మళ్ళీ నేనే. వెనకాల సోఫా మీద, డైనింగ్ టేబుల్ మీద, ఆఖరికి మా వాడి స్టడీ చైర్ మీద కూడా చీరలే కనిపిస్తున్నాయి కదా, ఏం చేయమంటారు, వరలక్ష్మీ వ్రతానికి మన వాళ్ళు ఇక్కడ నెల ముందు నుంచే "కొత్త స్టాక్ వచ్చిందా" అని మెసేజ్‌లు మొదలుపెడతారు. మంగళగిరి కాటన్‌లు, గద్వాల చీరలు మొన్నే దిగాయి. మనకి అక్కడ వానాకాలం, ఇక్కడేమో నడి చలికాలం, ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది, అందుకని మధ్యాహ్నం భోజనం అవ్వగానే ఉత్తరం వైపు కిటికీ దగ్గర కూర్చుని ఫోటోలన్నీ ఒకే ఊపులో తీసేయాల్సిందే. ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచి వస్తుందండీ, పల్చటి తెల్ల కర్టెన్ వేశామంటే వెలుతురు మెత్తగా పడుతుంది, జరీ మెరిసిపోయి తెల్లగా కొట్టేయకుండా ఉంటుంది.

చాలామంది కామెంట్స్‌లో ఒకటే అడుగుతున్నారు, అక్కా మీ ఫోటోల మీద బాణాలు పెట్టి కొంగు, అంచు, జాకెట్టు ముక్క అని రాస్తారు కదా, కోడ్ నంబరు, ధర కూడా ఉంటాయి, అన్నీ కూర్చుని టైప్ చేస్తారా అని. చేయనండీ బాబూ, చేస్తే శ్రావణం వెళ్ళి కార్తీకం వచ్చేస్తుంది. ఈ రోజు అదే చూపిస్తాను, స్క్రీన్ కూడా రికార్డ్ చేస్తున్నాను.

ముందు రంగు సంగతి. చీర కొనేవాళ్ళకి రంగే ప్రాణం కదా. మొదటి ఫోటోలో చీర పక్కన ఒక గ్రే కార్డ్, అంటే రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట, పెట్టి తీస్తాను, తర్వాత ఫోటోషాప్‌తో పాటు వచ్చే కెమెరా రా అనే దాంట్లో అన్ని ఫోటోలూ సెలెక్ట్ చేసుకుని వైట్ బ్యాలెన్స్ టూల్‌తో ఆ కార్డ్ మీద ఒక్క క్లిక్, అన్నీ ఒకేసారి సర్దుకుంటాయి, వెలుతురు మారనంత వరకు. ఇంకోటి, ఐఫోన్‌లో తీస్తే ఫోటో డిస్‌ప్లే పీ3 అనే రంగుల ప్రొఫైల్‌లో ఉంటుంది, దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు ప్రొఫైల్ లోకి మార్చకుండా పంపితే కొన్నిచోట్ల చిలకపచ్చ చీర వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, తర్వాత "ఫోటోలో ఒకలా ఉంది, చేతికొచ్చాక ఇంకోలా ఉంది" అని గొడవ. ఫోటోషాప్‌లో కన్వర్ట్ టు ప్రొఫైల్ అని ఎడిట్ మెనూలోనే ఉంటుంది, అది కూడా యాక్షన్‌లో రికార్డ్ అవుతుంది.

యాక్షన్ అంటే ఏంటంటే, ఆల్ట్ ఎఫ్9 నొక్కితే ఒక ప్యానెల్ వస్తుంది, అందులో కొత్త యాక్షన్ తెరిచి ఎర్ర బటన్ నొక్కి మనం చేసే పని చేసుకుంటూ పోవడమే, పాత టేప్ రికార్డర్‌లో పాట ఎక్కించుకున్నట్టు, తర్వాత ఎన్ని ఫోటోల మీదైనా అదే ప్లే చేసుకోవచ్చు. ఇదేం కొత్తగా ఏఐ తెచ్చిన వింత కాదండోయ్, 1996లో వచ్చిన ఫోటోషాప్ 4 నుంచే ఉంది. నా మొదటి యాక్షన్‌లో రెండే పనులు, ప్రొఫైల్ మార్చడం, సైజు తగ్గించడం. సైజుకి మాత్రం ఇమేజ్ సైజ్ వాడకండి, ఫైల్, ఆటోమేట్ లోపల ఫిట్ ఇమేజ్ అని ఉంటుంది, అందులో 1600 బై 1600 ఇచ్చామంటే నిలువు ఫోటో అయినా అడ్డం ఫోటో అయినా పొడుగు వైపు 1600 కి తెచ్చి రెండోదాన్ని దాని నిష్పత్తిలో వదిలేస్తుంది. తర్వాత అదే ఆటోమేట్‌లో బ్యాచ్, ఏ ఫోల్డర్ నుంచి ఏ ఫోల్డర్‌కి అని చెప్పి టీకి లేవడమే. యాక్షన్‌లో సేవ్ యాజ్ కూడా రికార్డ్ చేసి ఉంటే ఓవర్‌రైడ్ యాక్షన్ సేవ్ యాజ్ కమాండ్స్ అనే టిక్ మర్చిపోవద్దు, లేదంటే రికార్డ్ చేసినప్పటి ఫోల్డర్‌లోకే వెళ్ళి పడతాయి ఫైళ్ళన్నీ.

ఇప్పుడు అసలు టైపింగ్ తప్పించే పని. నా దగ్గర ఎలాగూ స్టాక్ షీట్ ఉంటుంది కదా, కోడ్, రకం, ధర, ఫోటో ఫైల్ పేరు, దాన్నే సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్ గా సేవ్ చేస్తాను, యూటీఎఫ్-8 లో, తెలుగు అక్షరాలు ఉన్నాయి కాబట్టి. ఇటు ఫోటోషాప్‌లో ఒక టెంప్లేట్, కింద పట్టీ, మన లోగో, కోడ్‌కి ఒక టెక్స్ట్ లేయర్ (అంటే పొర), ధరకి ఒకటి, ఫోటోకి ఒక లేయర్. ఇమేజ్ మెనూలో వేరియబుల్స్ లోకి వెళ్ళి ఈ లేయర్‌కి ఈ కాలమ్ అని ముడి పెట్టాలి, ఫోటో ఉన్నది బ్యాక్‌గ్రౌండ్ లేయర్ అయితే మాత్రం ఒప్పుకోదు, దాన్ని మామూలు లేయర్ చేసుకోండి. తర్వాత డేటా సెట్స్‌లో షీట్‌ని ఇంపోర్ట్ చేసి, ఎక్స్‌పోర్ట్ లో డేటా సెట్స్ యాజ్ ఫైల్స్ అంటే చీరకొక పీఎస్‌డీ, అంటే లేయర్లు విడివిడిగా ఉండే ఫోటోషాప్ ఫైల్ వచ్చేస్తుంది, కోడ్, ధర, ఫోటో అన్నీ వాటి వాటి చోట్ల కూర్చుని. తెలుగులో రాసేవాళ్ళకి ఒక మాట, పాత వెర్షన్లలో ఒత్తులు విడిపోయి పక్కకి జారిపోతే ప్రిఫరెన్సెస్, టైప్ లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోండి. ఫాంట్ నేను రామభద్ర వాడతాను, సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లలో అదొకటి, లావుగా ఉంటుంది కాబట్టి ఫోన్‌లో చిన్నగా చూసినా ధర కనిపిస్తుంది.

ఇక బాణాలు. ఇవి మటుకు నేను మెషీన్‌కి వదలను, ఇదిగో ఈ చీర చూడండి, మంగళగిరి, నిజాం అంచు, బుట్టాలు లేవు, సాదా. దగ్గరికి తెస్తున్నాను, ఇక్కడ కుచ్చిళ్ళు వచ్చే చోట పేక, అంటే అడ్డం పోగు ఒకటి కాస్త లావుగా వచ్చింది, కనిపిస్తోందా? చేతిమగ్గం మీద ఇది మామూలే, కానీ కొనేవాళ్ళకి ముందే చూపించాలి కదా. లైన్ టూల్‌కి సెట్టింగ్స్‌లో ఏరోహెడ్ పెట్టుకుంటే అదే బాణం, సన్నగా, తెల్లగా, సరిగ్గా ఆ పోగు మీదకి గీసి పక్కన "ఇక్కడ పోగు మందం" అని రాస్తాను. మా అత్తయ్య చీరాల మనిషి, మగ్గాల మధ్య పెరిగారు, పక్కనే కూర్చుని చూస్తూ "ఏమ్మాయ్, దాన్ని వేలు పెట్టి చూపిస్తే ఎవరు కొంటారే, మడతలో పోతుంది కదా" అన్నారు.

"కుచ్చిళ్ళు పెట్టేటప్పుడు చూసుకుని ఫోన్ చేస్తారు అత్తయ్యా, అప్పుడు ఏం చెప్పను?"

"అదీ నిజమేలే, అయితే ఆ పైన ముడి కూడా ఉంది, దానికీ పెట్టు" అన్నారు, నాకు కనపడనే లేదు ఆ ముడి! ఆవిడ కళ్ళజోడు లేకుండా పట్టేశారు.

గద్వాలకి బాణం వేరే చోట, చీర ఒంటి భాగంలోని కాటన్‌కి పట్టు అంచు కలిసే ఆ అతుకు మీద, ఎందుకంటే అసలు గద్వాల గొప్పంతా అక్కడే, కొత్తగా కొనేవాళ్ళు దాన్ని చూసి డిఫెక్ట్ అనుకుని వెనక్కి పంపుతామంటారు. నెమలికంఠం రంగు చీరకైతే ఒక ఫోటో చాలదు, పడుగు ఒక రంగు పేక ఒక రంగు కాబట్టి ఇటు తిప్పితే నీలం అటు తిప్పితే పచ్చ, రెండూ పక్కపక్కన పెట్టి ఏ వైపు నుంచి తీశానో బాణంతో గుర్తు పెడతాను. ఇవన్నీ ఏ బ్యాచ్‌కి తెలుస్తాయి చెప్పండి, ప్రతి ఫోటోలో ఒకే మూల బాణం దించేసి వెళ్ళిపోతుంది అది.

అందుకే రెండో యాక్షన్‌ని బ్యాచ్‌లో పెట్టకుండా ఎఫ్3 కి ఇచ్చుకున్నాను. బాణాలు పెట్టడం అయ్యాక ఎఫ్3 నొక్కితే ముందు ఆగి ఒక చిన్న డబ్బా అడుగుతుంది, "అంచు చూశావా, పోగులు చూశావా, జాకెట్టు ముక్క ఉందని రాశావా" అని. యాక్షన్స్ ప్యానెల్ మెనూలో ఇన్సర్ట్ స్టాప్ అని ఉంటుంది, మీకు కావల్సిన మెసేజ్ రాసుకుని అలౌ కంటిన్యూ టిక్ పెట్టండి, అన్నీ చూశామంటే కంటిన్యూ, అప్పుడు జేపెగ్ చేసి సేవ్ చేసి మూసేస్తుంది. చూడలేదంటే స్టాప్, వెళ్ళి చూసి మళ్ళీ ఎఫ్3. పీఎస్‌డీ మాత్రం చీర అమ్ముడయ్యేదాకా దాచుకుంటాను, ధర తగ్గించాల్సి వస్తే మళ్ళీ బాణాలు గీయక్కర్లేదు.

ఫోటోషాప్‌కి నెల నెలా డబ్బు కట్టలేం అక్కా అనేవాళ్ళకి, విండోస్‌లో ఇర్ఫాన్‌వ్యూ ఉంది, బీ నొక్కితే బ్యాచ్ కన్వర్షన్ తెరుచుకుంటుంది, సైజు, పేర్లు, వాటర్‌మార్క్ అన్నీ అక్కడే, కాకపోతే సొంత వాడకానికే ఫ్రీ, వ్యాపారానికి లైసెన్స్ కొనాలి, నాలాగ అమ్మేవాళ్ళు అది గుర్తుంచుకోండి. గింప్ అయితే ఎవరికైనా ఉచితమే, కానీ అందులో ఇలా ఎర్ర బటన్ నొక్కి రికార్డ్ చేసే సదుపాయం లేదు, ప్లగిన్ గానీ స్క్రిప్ట్ గానీ పెట్టుకోవాలి. మ్యాక్ ఉన్నవాళ్ళు ప్రివ్యూలో అన్నీ ఒకేసారి తెరిచి సెలెక్ట్ ఆల్ కొట్టి అడ్జస్ట్ సైజ్ అంటే సైజులు తగ్గిపోతాయి, బాణాలకి మార్కప్ ఉండనే ఉంది, పది పదిహేను చీరల వరకు అది చాలు నన్నడిగితే.

సరే అండీ, ఇంకా గద్వాలలు సగం మిగిలాయి, అత్తయ్య అప్పుడే మడతలు విప్పి ముడులు వెతుకుతున్నారు, కోడ్‌లు రాత్రికి గ్రూప్‌లో పెడతాను, కావల్సినవాళ్ళు కోడ్ నంబరుతోనే అడగండి ప్లీజ్, "ఆ ఎర్ర చీర" అనకండి, ఎర్రవి చాలా ఉన్నాయి. ఉంటాను మరి, బై.