డెఫ్ లెపర్డ్ 'హిస్టీరియా': చెయ్యి పోయిందని మెషీన్ పెట్టారా?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ డెఫ్ లెపర్డ్ 'హిస్టీరియా' ఆల్బమ్ ఊసెత్తితే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "డ్రమ్మర్‌కి చెయ్యి పోయింది కదా, అందుకే డ్రమ్స్ మెషీన్‌తో లాగించేశారు." విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇవాళ దీని సంగతి తేల్చేద్దాం.

ఆ డ్రమ్మర్ రిక్ అలెన్ ఎడమ చెయ్యి కారు ప్రమాదంలో పోయింది 1984 డిసెంబర్ 31న. మరి అంతకుముందు ఆల్బమ్ 'పైరోమేనియా' ఎప్పుడొచ్చింది? 1983 జనవరిలో. అందులో కూడా డ్రమ్స్ చాలావరకు ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్‌లోంచి వచ్చినవే! అప్పటికి మనవాడికి రెండు చేతులూ ఉన్నాయి. అంటే ఇది ప్రమాదం వల్ల వచ్చింది కాదు, ప్రొడ్యూసర్ మట్ లాంగ్ పద్ధతే అది.

ఆ పద్ధతేంటో తెలియాలంటే పూతరేకుని తలుచుకోండి. వేడి కుండ మీద పల్చటి పిండిలో ముంచిన గుడ్డని అలా లాగితే ఒక రేకు వస్తుంది. అదొక్కటే నోట్లో పెట్టుకుంటే కాగితం తిన్నట్టుంటుంది. పొర మీద పొర పరిచి, నెయ్యి రాసి మడిస్తేనే రుచి. హిస్టీరియాలో గిటార్ ఇలాంటిదే. మామూలుగా గిటార్ మీద కార్డ్ (కలిసి మోగే స్వరాలు) అంటే నాలుగైదు తీగల్ని ఒకేసారి మీటేస్తారు. వీళ్లు కొన్నిచోట్ల ఒక్కో తీగనీ విడిగా మీటి, విడిగా రికార్డ్ చేసి, తర్వాత కలిపారు. ఎందుకంత చాదస్తం? డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టి అన్ని తీగలూ కలిపి మీటితే స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుని గరగరమంటాయి. విడివిడిగా అయితే ఒక్కో రేకూ చిరగకుండా వస్తుంది. కోరస్ గొంతులూ అంతే, పొరలు పొరలుగా పాడిందే మళ్లీ మళ్లీ పాడారు. (నిజం చెప్పాలంటే నాకు పైరోమేనియాయే ఎక్కువ ఇష్టం. అది వేరే గొడవ.)

డ్రమ్స్ ముందే కొట్టేస్తే పాట ఆకారం అక్కడికక్కడే ఖాయమైపోతుంది. అందుకే వాటిని చివరికి వదిలేశారు. మరి రిక్ ఖాళీగా కూర్చున్నాడా? లేదు! ఎడమ చేతి పనిని ఎడమ కాలికి నేర్పాడు. పెడల్స్‌తో మోగే ఎలక్ట్రానిక్ కిట్ కట్టించుకుని 1986 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్ రాక్ ఫెస్టివల్ స్టేజి ఎక్కాడు.

ఇక పూతరేకులో పంచదార. ఆల్బమ్ దాదాపు అయిపోయింది. విరామంలో బ్యాండ్ సింగర్ జో ఎలియట్ గిటార్ పట్టుకుని ఏదో కూనిరాగం తీస్తుంటే లాంగ్ చెవిన పడింది. 'పోర్ సమ్ షుగర్ ఆన్ మీ' అలా పుట్టింది. చివర్లో చల్లిన పంచదార పేరులోనే షుగర్ ఉండటం నా అదృష్టం, నేను రాసిపెట్టుకున్నది కాదు!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఆల్బమ్ 62 నిమిషాలు, ఒక్క గ్రామఫోన్ రికార్డులోనే (ఎల్‌పీ) కుక్కారు. ఒక్కో వైపు సుమారు 31 నిమిషాలంటే రికార్డు మీద సూది నడిచే గాడులు దగ్గరదగ్గరగా పడతాయి, శబ్దం తగ్గించక తప్పదు. 1987 ఆగస్టు 3న విడుదల. బ్రిటన్‌లో వచ్చీ రాగానే నంబర్ వన్. అమెరికాలో మాత్రం 1988 జూలై దాకా ఆగాల్సొచ్చింది. ఏడు సింగిల్స్ (విడిగా విడుదల చేసిన పాటలు), రెండు కోట్లకు పైగా కాపీలు.

ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని టైటిల్ పాట వినండి. ముందు కుడి చెవిది తీసేయండి. తర్వాత అది పెట్టుకుని ఎడమది తీయండి. రేకులు విడివడతాయి.