హవల్దారు గారి సంచి ఎందుకు తిరిగొచ్చింది?

(ఫోన్-ఇన్ కార్యక్రమం. సలహాలు చెప్పినవారు పౌర సరఫరాల శాఖలో పనిచేసి రిటైరైన ఒక అధికారిణి.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇరుగుపొరుగుకు సాయం చేసేటప్పుడు వచ్చే చిక్కుల గురించి ఈ రోజు మాట్లాడుకుంటున్నాం. మొదటి కాల్ ఆదోని నుంచి. హలో, చెప్పండి సార్.

కాలర్: నమస్కారమప్పా. మేడం గారికి కూడా నమస్కారం. నేను మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరయినాను. పింఛను వస్తుంది, పిల్లోళ్లు స్థిరపడినారు. మా వీధిలో కొన్ని ఇండ్లల్లో ముసలోళ్లు, మనవళ్లు మాత్రమే ఉంటారు. కొడుకులు, కోడళ్లు మిరపకాయలు కోసేదానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతల కూలికి వలస పోయినారు. వీళ్లకు నెలనెలా సరుకులు కొనిపెడదామని మొదలుపెట్టినా. మొన్న ఒక అవ్వ సంచి తెచ్చి మా గడప మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా పోయింది. మనసుకు కష్టమైంది మేడం.

సలహాదారు: సంచి ఇచ్చేటప్పుడు ఫోటో ఏమన్నా తీశారా?

కాలర్: నేను తీయలేదు. నాతో పాటు సర్వీసు చేసిన మిత్రుడొకడు తీసి, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టినాడు. మంచి ఉద్దేశంతోనే పెట్టినాడు.

సలహాదారు: ఉద్దేశం మంచిదే. కానీ ఆ గ్రూపులో ఆమె వియ్యపురాలి కొడుకో, తోటికోడలి మనవడో ఉంటాడు. సుగ్గికి పోయిన కొడుకు ఫోన్లో కూడా ఆ ఫోటో పడుతుంది. ‘మా అమ్మను ఊరోళ్లు సాకుతున్నారా’ అని వాడు అక్కడ తలదించుకుంటాడు. ఆమె వెనక్కిచ్చింది మీ సరుకులను కాదు, ఆ ఫోటోను. ముందు దాన్ని గ్రూపులోంచి తీసేయించండి.

కాలర్: తీసేయిస్తా. కానీ మేడం, మా వైపు దానమంటే దాచుకునే పని కాదు కదా. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి గంజి పోయించినారు. అందరి ముందరే కదా!

సలహాదారు: (నవ్వు) పెద్ద మాటే ఎత్తారు. అయితే అది కరువు. ఊరంతా ఆకలితో ఉన్నప్పుడు వరుసలో నిలబడటానికి ఎవరికీ సిగ్గుండదు, పక్కనున్నోడూ అదే వరుసలో ఉంటాడు కాబట్టి. మీ వీధిలో లేనిది నాలుగిళ్లకే. మిగతా ఇళ్లు చూస్తుంటాయి. అందుకే ఆయన పద్ధతి ఇక్కడ పనికిరాదు. సరే, సంచిలో ఏం పెడుతున్నారు?

కాలర్: పది కిలోల సోనా మసూరి, కిలో కందిబేడలు, ఉప్పు.

సలహాదారు: బియ్యం తగ్గించండి. బియ్యం కార్డుంటే మనిషికి నెలకు 5 కిలోలు, బాగా పేదలకిచ్చే అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోలు ఉచితంగా వస్తున్నాయి. వంటింట్లో ముందు అయిపోయేది మంచినూనె. తర్వాత బేడలు, చింతపండు, ఎండుమిరపకాయలు, బట్టల సబ్బు. మీ వైపు వాళ్లకు రాత్రికి జొన్నరొట్టె లేకపోతే తిన్నట్టే ఉండదు. అందుకని జొన్నలు ఇవ్వండి, మీ సోనా మసూరి కన్నా అవే ఎక్కువ ఇష్టంగా తింటారు.

కాలర్: బియ్యమే సరిగా రావడం లేదంటున్నారు మేడం. డీలరు దగ్గరికి పోతే ‘మీది ఈ నెల తీసుకున్నారు’ అన్నాడంట.

సలహాదారు: ఇదే అసలు సంగతి. ఒకే కార్డులో ముసలోళ్లు, కొడుకు, కోడలు, పిల్లలు అందరూ ఉంటారు. ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నా అక్కడి షాపులో సరుకు తీసుకోవచ్చు. కొడుకు గుంటూరు దగ్గర వేలిముద్ర వేసి మొత్తం తీసుకుంటే, ఇక్కడ అవ్వ వేలు పెట్టినా ఏమీ రాదు. డీలరును తిట్టుకోవడం దండగ. ముందు కొడుక్కి ఫోన్ చేసి మాట్లాడించండి. ప్రతి ఏడూ సుగ్గికి పోయే కుటుంబమైతే, అర్హతను బట్టి ముసలోళ్లకు కార్డు వేరు చేయించుకునే వీలుంది. వార్డు సచివాలయంలో అడగండి. ఇంకోటి, 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు డీలరే ఇంటికి తెచ్చివ్వాలి. ఇవ్వకపోతే పౌర సరఫరాల ఫిర్యాదుల నంబరు 1967కి ఫోన్ చేయండి. మీరు ఒక పూట సచివాలయంలో కూర్చుంటే, సంవత్సరమంతా కొనే బియ్యం కన్నా ఎక్కువ ఇచ్చినట్టే. వృద్ధాప్య పింఛను నెలకు 4,000 వస్తోందో లేదో కూడా చూడండి. ఆధార్‌లో వయసు తప్పుపడి ఆగిపోయినవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను.

కాలర్: వాళ్లల్లో ఒకామె భర్త కూడా మిలిటరీనే. పింఛను వచ్చేంత సర్వీసు కాకముందే ఇంటికి వచ్చేసినాడు. ఆయన పోయి చాలా ఏండ్లయింది. ఆమెకు ఏమీ రాదు.

సలహాదారు: ఆమె వయసెంత?

కాలర్: డెబ్బై పైనే.

సలహాదారు: అయితే ఆమెకు సంచి తర్వాత. ముందు కర్నూలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకుపోండి. పింఛను లేని మాజీ సైనికులకు, వాళ్లు చనిపోతే వాళ్ల భార్యలకు 65 దాటాక కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది, హవల్దారు ర్యాంకు వరకు. ఇంతకుముందు 4,000 ఉండేది. 2025 నవంబరు 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు 8,000 చేశారు. ఆయన డిశ్చార్జి పుస్తకం ట్రంకు పెట్టెలో ఎక్కడో అడుగున ఉంటుంది, వెతికించండి. అది లేకుండా పోతే మళ్లీ తిరగాల్సి వస్తుంది.

కాలర్: ఇది నాకు తెలీదు మేడం. సరే, సరుకులు మా మిలిటరీ వాళ్ల సీఎస్‌డీ క్యాంటీన్లో తెస్తే చవకగా పడతాయి కదా?

సలహాదారు: వద్దు. ఆ క్యాంటీన్ కార్డు మీ ఇంటి వాడకానికి. నెలనెలా నాలుగిళ్లకు బయటికి పోతే, అమ్ముకుంటున్నాడని ఎవడో ఒకడు అంటాడు. ఇన్నేళ్ల సర్వీసు తర్వాత మీకెందుకు ఆ మాట? వీధి చివర కిరాణా కొట్టులో ముందే డబ్బు కట్టేయండి. ఇంటికింత అని రాయించండి. అవ్వ తనకు కావాల్సింది తనే చెప్పి, తూకం చూసుకుని, బేరం కూడా ఆడి తెచ్చుకుంటుంది. చూసేవాళ్లకు అందరిలాగే కొట్టుకొచ్చిన మనిషి, అంతే.

కాలర్: ఒక్క నిమిషం మేడం, మా ఇంటామె మాట్లాడతాదంట.

మహిళ: మేడం, ఈయప్ప పింఛను పడిన రోజే అందరికీ పంచేస్తాడు. ఇరవయ్యో తారీకుకు మా ఇంట్లో బేడలుండవు. నేను ఆ కొట్టాయన దగ్గరే అప్పు పెట్టాల్సొస్తుంది!

సలహాదారు: (నవ్వు) అమ్మా, అయితే ఎంతివ్వాలో ఆయన కాదు, మీరు చెప్పండి. మీ ఇంటి సరుకులు తెచ్చుకున్నాకే ఆ డబ్బు కట్టాలి. ఎండాకాలంలో సుగ్గి డబ్బుతో కొడుకులు వెనక్కి వచ్చాక సాయం ఆపేయొచ్చు కూడా. సంవత్సరం పొడుగునా ఇవ్వాలనే నియమమేం లేదు.

మహిళ: ఆ మాట ఇంకోసారి గట్టిగా చెప్పండి, పక్కనే ఉన్నాడు.

వ్యాఖ్యాత: విన్నారు లెండి! ఇంకో కాల్, ఎమ్మిగనూరు నుంచి. చెప్పండి.

రెండో కాలర్: నమస్తే సార్. నాది కిరాణా అంగడి. మేడం చెప్పిన పద్ధతి నా దగ్గర ఒక టీచరమ్మ చేస్తున్నారు. రెండు ఇబ్బందులు సార్. ఒకటి, కొందరు ఆ లెక్కలో బీడీలు, గుట్కా అడుగుతారు. రెండోది, ఎవరు కట్టినారో చెప్పమని పట్టుబడతారు.

సలహాదారు: బీడీలకు వేరే డబ్బులివ్వమనండి, మొహమాటం వద్దు. పేరు సంగతి టీచరమ్మనే అడగండి. వీధిలో అలాంటిది ఎన్నాళ్లో దాగదు. తెలిసినా ఫర్వాలేదు, మీ నోటి నుంచి పోకూడదు, అంతే. పద్దు పుస్తకంలో ఆమె పేరు రాసి గల్లాపెట్టె మీద తెరిచి పెట్టకండి.

రెండో కాలర్: నూనె ధర మధ్యలో పెరిగితే? నేను సొంతంగా వేసుకోలేను సార్.

సలహాదారు: వేసుకోనక్కర్లేదు. అట్లని పాకెట్టు తగ్గించి ఇవ్వొద్దు. కట్టినామెకు ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి. తగ్గించాలో, ఇంకాస్త కట్టాలో ఆమె చూసుకుంటారు.

వ్యాఖ్యాత: ఇంకా కాల్స్ ఉన్నాయి కానీ టైం అయిపోయింది. 1967, సైనిక సంక్షేమ కార్యాలయం వివరాలు వార్తల తర్వాత మళ్లీ చదువుతాం. రాసుకోవాలనుకునేవాళ్లు పెన్ను దగ్గర పెట్టుకోండి.