బోదకాలు ఎలా వస్తుంది? శోషరస నాళాలు, రోగనిరోధక కణాలు చేసే పని

[దృశ్యం: మానవ శరీర రేఖాచిత్రం. ముందు ఎరుపు, నీలం రంగుల్లో రక్తనాళాలు, తర్వాత వాటి పక్కనే ఆకుపచ్చ రంగులో సన్నని నాళాలు కనిపిస్తాయి.]

వ్యాఖ్యాత: రక్తనాళాల గురించి బడిలోనే చదువుకుంటాం. వాటిని అనుసరించి దాదాపు శరీరమంతా పరుచుకున్న శోషరస నాళాల పేరు మాత్రం, కాలో చెయ్యో వాచి వైద్యుని దగ్గరకు వెళ్లేదాకా చాలామంది వినరు. బోదకాలు మన కోస్తా జిల్లాల్లోనూ తెలంగాణలోనూ తరతరాలుగా ఉన్న వ్యాధి కాబట్టి, ఈ నాళాల పనిని దాని ద్వారానే చూద్దాం.

[దృశ్యం: కేశనాళిక గోడ నుంచి ద్రవం బయటకు ఊరుతున్న యానిమేషన్.]

రక్తం సన్నని కేశనాళికల్లో ప్రవహించేటప్పుడు, లోపలి ఒత్తిడి వల్ల కొంత ద్రవం గోడల్లోంచి కణజాలంలోకి ఊరుతుంది. దానితోపాటు బయటపడిన ప్రొటీన్లు నేరుగా రక్తంలోకి తిరిగి వెళ్లలేవు. ఇలా మిగిలిన ద్రవాన్నీ ప్రొటీన్లనూ శోషరస నాళాలు లోపలికి తీసుకుంటాయి; ఆ నాళాల్లో చేరిన ద్రవమే శోషరసం. పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం ఇది రోజుకు సుమారు 3 లీటర్లు; మన రక్తంలోని ప్లాస్మా మొత్తం కూడా దాదాపు అంతే. గోదావరి డెల్టా రైతుకు ఈ సంగతి వివరించనక్కరలేదు: పొలానికి నీరు తెచ్చే పంట కాలువ ఎంత అవసరమో, ఎక్కువైన నీటిని తీసుకుపోయే మురుగు కాలువ కూడా అంతే అవసరం; అది గుర్రపుడెక్కతో పూడుకుపోతే చేను మునుగుతుంది.

ఈ వ్యవస్థకు గుండె వంటి ప్రత్యేకమైన పంపు లేదు. నాళాల గోడల్లోని కండరం లయబద్ధంగా ముడుచుకోవడం, నడిచేటప్పుడు పిక్క కండరాలు నొక్కడం, ఊపిరి తీసుకున్నప్పుడు ఛాతీలో ఒత్తిడి మారడం, వీటన్నిటి వల్ల శోషరసం పైకి కదులుతుంది. లోపలి కవాటాలు దానిని వెనక్కి జారనివ్వవు. రెండు కాళ్ల నుంచీ పొట్ట నుంచీ వచ్చే శోషరసం చివరకు మెడ మొదట్లో, ఎడమ వైపున ఉన్న పెద్ద సిరలో కలుస్తుంది.

[దృశ్యం: పాదంలో దిగిన ముల్లు, అక్కడి నుంచి గజ్జల వరకు వెళ్లే నాళం.]

అయితే ఆ ప్రయాణం నేరుగా సాగదు. శోషరసం రక్తంలో కలిసేలోపు దారిలోని శోషరస గ్రంథుల గుండా వెళ్లవలసి ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థ అసలు నిర్ణయాలు చాలావరకు జరిగేది ఇక్కడే. పాదంలో ముల్లు దిగి సూక్ష్మజీవులు చేరాయనుకుందాం. అక్కడే కాపు ఉన్న మాక్రోఫేజ్‌లు, రక్తం నుంచి పరుగున వచ్చే న్యూట్రోఫిల్‌లు అనే రోగనిరోధక కణాలు ఆ సూక్ష్మజీవులను మింగడం మొదలుపెడతాయి. ఈలోగా కబురు మోసే డెండ్రిటిక్ కణాలు ఆ సూక్ష్మజీవుల ముక్కలను తీసుకుని, శోషరస నాళాల గుండా గజ్జల్లోని గ్రంథులకు చేరి, అక్కడి టీ కణాలకు (ఒక రకం తెల్లకణాలు) వాటిని చూపిస్తాయి. ఒక్కో టీ కణం ఒక్కో రకపు ముక్కనే గుర్తించగలదు కాబట్టి, లక్షల కణాల్లో సరిపోయేవి కొన్నే దొరుకుతాయి. దొరికినవి కొద్ది రోజుల్లోనే విపరీతంగా విభజన చెందుతాయి, మరో రకం తెల్లకణాలైన బీ కణాలకు సాయపడతాయి. ఆ బీ కణాల్లో కొన్ని ప్రతిదేహాలను, అంటే సూక్ష్మజీవులకు అతుక్కునే ప్రొటీన్లను తయారుచేసే కణాలుగా మారితే, మరికొన్ని అదే శత్రువు మళ్లీ వస్తే గుర్తుపట్టేందుకు ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కట్టిందని మన పెద్దలు అనేది ఈ హడావుడినే: కణాలు అక్కడ పోగుపడి, సంఖ్య పెరిగి, గ్రంథి ఉబ్బుతుంది.

[దృశ్యం: క్యూలెక్స్ దోమ కుట్టడం; నాళంలో దారంలాంటి పురుగు.]

ఇంత కాపలా ఉన్న దారిలోనే బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు కాపురం పెడుతుంది, ఈ వ్యాధిలో విచిత్రమంతా అక్కడే ఉంది. మురికినీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు చర్మంపై పడిన ఈ పురుగు లార్వాలు (పిల్లదశ పురుగులు) ఆ గాయం గుండా లోపలికి వెళ్లి, శోషరస నాళాల్లో పెద్దవవుతాయి. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది, సగటున 6 నుంచి 8 ఏళ్లు బతుకుతుంది, లక్షల సంఖ్యలో మైక్రోఫైలేరియా పిల్లలను కంటుంది. ఆ పిల్లలు ముఖ్యంగా రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి. ఆరోగ్య సిబ్బంది రక్త నమూనాల కోసం రాత్రి పొద్దుపోయాక ఇంటికి రావడానికి కారణం ఇదే. బతికున్న పురుగు రోగనిరోధక కణాల తీవ్రతను అణచివేస్తుంది కనుక, మనిషికి ఏళ్ల తరబడి ఏమీ తెలియకపోవచ్చు. కానీ పురుగులున్న చోట నాళం సాగి వెడల్పవుతుంది, కవాటాలు సరిగా మూసుకోవు, ద్రవం నిలిచిపోతుంది. పురుగు చచ్చినప్పుడు మాత్రం అంతవరకు మిన్నకున్న కణాలు ఒక్కసారిగా విరుచుకుపడి, నాళాన్నే ఇంకా దెబ్బతీస్తాయి.

ఈ వ్యాధి మందు చరిత్రలో మనవారి పేరు ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహిస్తుండగా, డైఇథైల్‌కార్బమజైన్ అనే మందు హెట్రజాన్ పేరుతో 1947లో వెలుగులోకి వచ్చింది. గోదావరి జిల్లాలను పీడించిన వ్యాధికి ఆ జిల్లాల బిడ్డ ఆధ్వర్యంలోనే మందు దొరికింది, ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకొంచెం పెద్దక్షరాల్లో ఉండాలని నాకనిపిస్తుంది. సామూహిక మందుల పంపిణీలో నేటికీ ఇచ్చేది ఆ మందునే, ఆల్బెండజోల్‌తో కలిపి. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే మరో మందు కూడా చేరుస్తారు.

[దృశ్యం: మాత్ర మింగుతున్న వ్యక్తి, రక్తంలో పిల్లపురుగుల చుట్టూ మూగుతున్న తెల్లకణాలు.]

ఆ మాత్ర మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం వస్తాయి, దానితో మాత్రే విషమన్న పుకారు ఊరంతా పాకుతుంది. మందు దెబ్బ తిన్న పిల్లపురుగులపై రోగనిరోధక కణాలు విరుచుకుపడటం వల్లే చాలావరకు ఈ బాధ కలుగుతుంది, అంటే ఆ మనిషి రక్తంలో పురుగులున్నాయన్నమాట. సాధారణంగా ఇది ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఈ మాత్రలు ఇవ్వరు.

[దృశ్యం: సబ్బుతో పాదం కడుగుతున్న చేతులు.]

అప్పటికే వాచిపోయిన కాలిని మాత్ర మామూలుగా చేయలేదు. నిలిచిన ద్రవంలోని ప్రొటీన్ల వల్ల చర్మం మందమవుతుంది. వేళ్ల సందుల్లో పగుళ్ల గుండా బ్యాక్టీరియా దూరి చలిజ్వరం తెప్పిస్తుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు మరికాస్త పెరుగుతుంది. రోగనిరోధక కణాలు గ్రంథులకు చేరవలసిన దారే దెబ్బతిన్నది కనుక అక్కడ చిన్న పుండు కూడా ముదురుతుంది. అందువల్ల రోజూ సబ్బుతో, మంచినీటితో కాలిని కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా మెత్తగా అద్ది, పగుళ్లకు వైద్యులు సూచించిన లేపనం రాయాలి. పడుకునేటప్పుడు కాలిని ఎత్తులో ఉంచాలి. కూర్చున్నచోటే చీలమండను పైకీ కిందికీ కదిలిస్తూ ఉంటే పిక్క కండరం ముడుచుకుని, మిగిలివున్న మంచి నాళాల గుండా శోషరసాన్ని పైకి నెడుతుంది. జ్వరం, నొప్పి ఉన్న రోజుల్లో మాత్రం ఈ వ్యాయామం మానాలి.