కొబ్బరి చెట్టు దగ్గర మొదలయ్యే లెక్క: బికినీ దీవికి తిరిగి వెళ్లేదెలా?

[తెర మీద: బికినీ తీరం, కొబ్బరి వరసలు]
మార్షల్ దీవుల్లోని బికినీలో అమెరికా 1946 నుంచి 1958 దాకా 23 అణుపరీక్షలు చేసింది. మొదటి పేలుడుకు ముందే 167 మందిని ఊరు ఖాళీ చేయించారు. ఇప్పుడక్కడ రేడియేషన్ మీటరు పట్టుకుని నడిస్తే రీడింగు పెద్దగా భయపెట్టదు. అయినా ఆ జనం సొంతూరికి వెళ్లలేకపోతున్నారు.

[క్లోజప్: కొబ్బరి మొదలు, తెల్లటి ఇసుక మట్టి]
ఇది పగడపు సున్నపు నేల, పొటాషియం బాగా తక్కువ. పేలుళ్ల నుంచి మట్టిలో మిగిలిన రేడియోధార్మిక పదార్థం సీజియం-137, రసాయనికంగా పొటాషియానికి దగ్గరి చుట్టం. అందుకే పొటాషియం దొరకని వేరు దాన్నే పీల్చుకుంటుంది. అక్కణ్నుంచి కొబ్బరి నీళ్లలోకి, సీమపనసలోకి, మొగలి జాతి పండ్లలోకి ఎక్కుతుంది.

1968లో ప్రమాదం లేదన్నారు, కొన్ని కుటుంబాలు తిరిగెళ్లాయి. కొత్త తోటలు కాపుకొచ్చాయి, ఒంట్లో సీజియం పెరుగుతూ పోయింది. 1978లో మళ్లీ పడవ ఎక్కించారు. జనం ఏం తింటారో, ఎంత తింటారో వేసిన అంచనా తప్పింది.

[తెర మీద: ఏడాదికి 15 మిల్లీసీవర్టులు]
ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. అచ్చంగా దీవి తిండే తింటే ఏడాదికి సుమారు 15 మిల్లీసీవర్టులని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు 1990లలో లెక్కగట్టారు. బయటి బియ్యం, డబ్బా తిండి కలిస్తే అంకె బాగా తగ్గుతుంది. మరి పరిమితి ఎవరి తిండిని బట్టి పెట్టాలి? పొరుగున రోంగెలాప్ కోసం 1992లో కుదిరిన ఒప్పందం 1 మిల్లీసీవర్టు అంది, అదీ దీవి తిండి మాత్రమే తినేవాళ్లకు. అదే సరైన పద్ధతి. సరుకుల ఓడ రాని నెలలో జనం కోసుకునేది కొబ్బరికాయే.

[తెర మీద: చెట్టు చుట్టూ పొటాష్ చల్లుతున్న చేతులు]
దీవంతా పైమట్టి గీకేస్తే సీజియం పోతుంది, దాంతోపాటు ఏళ్ల తరబడి పేరుకున్న సారమూ పోతుంది. అందుకని ఇళ్ల చుట్టూ మాత్రం మట్టి తీసి పగడపు రాళ్ల పొడి పరుస్తారు. తోటలకు మన రైతులు వేసే పొటాషే, అంటే పొటాషియం క్లోరైడే, వేస్తారు. బికినీ ప్రయోగాల్లో కాయలోని సీజియం పదో వంతుకో, ఇంకా తక్కువకో పడిపోయింది. కానీ అది మట్టిలోనే ఉంటుంది. కొన్నేళ్లకోసారి కాయలు పరీక్షించాలి, మళ్లీ పొటాష్ వేయాలి.

పేలుళ్ల నుంచి మిగిలిన మరో రేడియోధార్మిక పదార్థం ప్లుటోనియం, దాని దారి వేరు. చెట్లు దాన్ని దాదాపు తీసుకోవు, దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దానికి మట్టిలో విడిగా పరిమితి పెట్టాలి.

[తెర మీద: ఒంట్లోని రేడియేషన్‌ను కొలిచే యంత్రం ముందు కుర్చీలో మనిషి]
పావుగంట ఈ కుర్చీలో కూర్చుంటే ఒంట్లో సీజియం ఎంతుందో తెలుస్తుంది. అంకె పెరిగితే ఆ ఇంట్లో ఏ తోట కాయ తిన్నారో ముందు అడగాలి.